ఆ ఇంటి కిరాయి ఎవరు కట్టారు?

హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ తరఫు రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ దొర మూసీ ఒడ్డున బంగళా కట్టుకుంటానని నిజాంను స్థలం అడిగాడు. అర్జీతో పాటు నక్షా కూడా పంపాడు. పెద్ద కాగితం మీద గీయించిన నక్షా. నిజాం దాన్ని చూశాడు, కుదరదన్నాడు. దొర కంగుతిన్నాడు. తర్వాత దర్బారువాళ్లెవరో అసలు సంగతి చెవిన వేశారు: ప్రభువులవారు తన రాజ్యం పటాన్ని కూడా అంత పెద్ద కాగితం మీద ఎప్పుడూ చూడలేదు, అందుకే హడలిపోయారు అని. కర్క్‌పాట్రిక్ అదే నక్షాను చిన్న చీటీ ముక్క మీద గీయించి మళ్లీ పంపాడు. ఈసారి చిటికెలో మంజూరైంది.

ఇది ఆ కాలపు దొరలు తమలో తాము చెప్పుకుని నవ్వుకున్న కథ. నవాబు ఎంత వెర్రిబాగులవాడో చూశారా అని. నాకు మాత్రం నవ్వు రాదు. ఆ ముసలి నిజాంకు మొదట వచ్చిన అనుమానమే నిజమని తర్వాతి యాభై ఏళ్లు రుజువు చేశాయి. చీటీలో ఇమిడిన ఆ బంగళా రాజ్యమంతా పరుచుకుంది.

ఇలాంటి కథ ఎనిమిదో తరగతి పిల్లల ముందు పెడితే చాలు, మిగతా పాఠం వాళ్లే లాక్కుంటారు. నిజంగా జరిగిందా, ఎవరు రాశారు, ఎవరిని చూసి ఎవరు నవ్వుతున్నారు అని వాళ్లే అడుగుతారు. కానీ పెట్టేదెవరు? కోఠీ బస్టాపులో దిగి ఆ బంగళా ప్రహరీ పక్కనుంచి బడికీ, ట్యూషనుకీ, పాత పుస్తకాల దుకాణాలకీ నడిచే పిల్లలు వేలమంది ఉంటారు. ఆ గోడ వెనక ఏముందో వాళ్లకి తెలియదు. తెలియాలని మనకీ లేదు.

ఏటా డిసెంబరు రాగానే మా పిల్లవాడి బడినుంచి ఒక సర్క్యులర్ వస్తుంది. పైన లావు అక్షరాల్లో ‘ఎడ్యుకేషనల్ టూర్’. కింద ఒక అమ్యూజ్‌మెంట్ పార్కు పేరు. నీళ్లలో ఆడటానికి ఒక జత బట్టలు అదనంగా పెట్టండి, ఫీజు ఫలానా తేదీలోపు కట్టండి, పార్కులో ఏ ప్రమాదం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదని సంతకం పెట్టండి. ఇందులో ఎడ్యుకేషన్ ఎక్కడుందని ఒకసారి ఆఫీసులో అడిగాను. అక్కడి మేడం జాలిగా చూసింది. “సర్, హిస్టారికల్ ప్లేసెస్ అంటే పిల్లలు బోర్ ఫీలవుతారు. పేరెంట్స్ కూడా ఒప్పుకోరు. ఈ మధ్య ఎవరూ అడగట్లేదు” అంది. పేరెంట్స్ ఒప్పుకోరన్నది నిజమే. ఆ సంవత్సరం నాతో కలిసి అడగమని తరగతి వాట్సాప్ గ్రూపులో రాస్తే ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. దాని వెంటనే ఎవరో హోంవర్క్ ఏమిచ్చారని అడిగారు. అంతటితో సరి.

పిల్లలు సరదాగా నీళ్లలో ఆడుకోకూడదా అంటారేమో. హాయిగా ఆడుకోమనండి. దానికి చదువు అనే ముసుగెందుకు? ఏడాదికి ఒక్కసారి నాలుగు గోడల్లోంచి బయటికి తెచ్చే రోజును కూడా టికెట్ల కౌంటరుకే అప్పగించడం నాకు మింగుడుపడదు.

అడగ్గా అడగ్గా చివరికి ఒక బడి, మా కాలనీలోదే, పేరెందుకులెండి, ఆ బంగళాను, అంటే రెసిడెన్సీని, చూపిస్తామంది. తోడుగా పెద్దవాళ్లు తక్కువయ్యారంటే నేనూ బస్సెక్కాను. ఆ పూట జరిగింది చెబితే, తీసుకెళ్లకపోవడమే మేలేమో అనిపిస్తుంది.

బస్సు దిగగానే విజిల్. రెండు వరసలు. “టచ్ చెయ్యొద్దు, అరవొద్దు, లైను తప్పొద్దు.” పిల్లలు ఆ ఎత్తైన స్తంభాలకేసి తలలెత్తి చూస్తుండగానే ఫొటో కోసం మెట్లమీద కూర్చోబెట్టారు. సింహం బొమ్మ పక్కన చోటుకోసం తోపులాట. బ్యానరు తిరగబడింది, సరిచేశారు, మళ్లీ ఫొటో. స్కూలు పేజీలో పెట్టడానికి ఒక వీడియో. లోపల దర్బారు హాల్లో పిల్లలు షాండ్లియర్లకేసి నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, సారు ఫోనులోంచి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో చదివాడు. ఎవరు కట్టారు, ఏ సంవత్సరం, ఏ శైలి. ‘పల్లాడియన్’ అన్న మాట ఆయనకే నోరు తిరగలేదు. పిల్లలు చేతుల్లోని వర్క్‌షీటులో ఖాళీలు నింపారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పిల్లవాడు, చొక్కా చేతులు కాస్త పొట్టైనవాడు, అడిగాడు. “సార్, గింత పెద్దింటికి కిరాయి ఎవరు కట్టేటోళ్లు సార్?”

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. “దొరలకు కిరాయేందిరా, నడువ్ నడువ్, బస్సుకు టైమైతాంది.”

ఆ పిల్లవాడు అడిగినదానికన్నా మంచి ప్రశ్న ఆ ఇంటి గురించి ఏ పరిశోధకుడూ అడగలేడు. నెలనెలా కిరాయి దగ్గర అమ్మానాన్నలు పడే తంటా చూసినవాడికే ఆ ప్రశ్న తడుతుంది. దానికి జవాబు లేకా? ఉంది. పుస్తకాల్లో ఉంది, ఒప్పందాల్లో ఉంది, సంవత్సరాలతో సహా ఉంది. ఆ సారుకు తెలియకపోవడం ఆయన తప్పు కూడా కాదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ పట్టలేదు.

సారు చెప్పలేదు గనుక నేను చెబుతాను.

1803లో మొదలుపెట్టిన ఆ భవనానికి నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ అనే లెఫ్టినెంటు. డబ్బు మాత్రం కంపెనీది కాదు, నిజాం ఖజానాది. అంటే తనమీద నిఘా పెట్టడానికి వచ్చినవాడికి మేడ కట్టించి ఇచ్చింది నిజామే. నిజాంకు ఆ డబ్బు ఎక్కడిది? మెదకు రైతు, నల్లగొండ రైతు, మరాఠ్వాడా రైతు కట్టిన శిస్తు. ఒరే నాయనా, కిరాయి కట్టింది మీ తాత ముత్తాతలేరా అని ఆ రోజు ఆ పిల్లవాడికి చెప్పి ఉంటే, వాడు ఆ స్తంభాలకేసి ఇంకోలా చూసేవాడు.

మేడ ఖర్చు అసలు లెక్కలో చిల్లర. 1798లో నిజాం అలీఖాన్ చేత సైన్య సహకార ఒప్పందం మీద సంతకం పెట్టించారు. అప్పటిదాకా నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి దళం రద్దు. దాన్ని పెంచి పోషించిన రేమాన్ అదే ఏడాది చనిపోయాడు, మూసారాంబాగ్ గుట్టమీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. ఫ్రెంచివాళ్ల స్థానంలో కంపెనీ పటాలాలు ఆరు. వాటి జీతం నిజాం కట్టాలి, ఏటా 24 లక్షల రూపాయలకు పైగా. ఆ పటాలాలు మాట వినేది మాత్రం రెసిడెంటుది. తమను అదుపులో పెట్టే సైన్యానికి తామే జీతమిచ్చే ఈ ఏర్పాటును మన పాఠ్యపుస్తకం ఒక పేరాలో తేల్చేస్తుంది. పిల్లలు దాన్ని రెండు మార్కుల జవాబుగా బట్టీపడతారు. ఆ ఏర్పాటు కాపురముండి, తిని, తాగి, నాట్యమాడిన ఇల్లు ఊరి నడిబొడ్డున నిలబడి ఉంటే, దాన్ని చూపించి ఆ రెండు మార్కుల జవాబుకు ప్రాణం పొయ్యాలని ఒక్కరికీ తోచదు!

రెండేళ్లు తిరగ్గానే, 1800లో, ఇంకో ఒప్పందం. పటాలాలు పెరిగాయి, నగదు బదులు నేల ఇమ్మన్నారు. టిప్పుతో జరిగిన యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీ చేతికి పోయాయి. దత్త మండలాలు. థామస్ మన్రో కలెక్టరుగా దిగాడు. పాళెగాళ్లను అణిచారు, పొలాలు కొలిచారు, శిస్తు కట్టారు. మాది కడప జిల్లా. మా ఊరి భూమి ఒక దొర చేతిలోంచి ఇంకో దొర చేతిలోకి మారిన ఆ ఒప్పందాన్ని నడిపినవాడు ఈ కర్క్‌పాట్రిక్కే. హైదరాబాదుకు విహారయాత్రకు వచ్చే సీమ పిల్లల బస్సులు చార్మినారు చూస్తాయి, జూపార్కు చూస్తాయి, సినిమా సెట్టింగులు చూస్తాయి. తమ జిల్లాల తలరాత మారడానికి కారకుడైన మనిషి కట్టించుకున్న ఇంటి ముందునుంచి హారను కొట్టుకుంటూ పోతాయి.

ఆ తర్వాత పామర్ కంపెనీ ఒకటి. రెసిడెన్సీ నీడనే పెరిగి, నిజాం ప్రభుత్వానికి నూటికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు వడ్డీకి అప్పులిచ్చింది. దాన్ని కూలదోసినవాడు కూడా ఇంకో రెసిడెంటే, చార్లెస్ మెట్‌కాఫ్. దొరల్లో అందరూ ఒక్కటే కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఒక ఇంటిచుట్టూ వడ్డీవ్యాపారి, వాడికి అండగా నిలిచినవాడు, వాడిని పట్టుకున్నవాడు, ముగ్గురూ దొరలే. చివరికి 1853లో, పేరుకు నిజాంది, పెత్తనం కంపెనీది అయిన సైన్యం జీతాల బాకీ కింద బేరారు పోయింది. పత్తి పండే నేల. కిరాయి లెక్క అక్కడిదాకా పోయింది, బాబూ.

ఇదేదీ చెప్పరు. చెప్పేదల్లా ప్రేమకథ.

కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా. ఆమె పరదా దాటి రాలేదు కాబట్టి వెనక తోటలో బంగళాకు బుల్లి నమూనా కట్టించాడని చెబుతారు. బ్రిటిషు రచయిత విలియం డాల్రింపుల్ 2002లో పెద్ద పుస్తకమే రాశాడు, అప్పటినుంచి ఆ ఇంటికి సినిమా రంగు పూశారు. ప్రేమ అబద్ధమని నేననను. అయితే ఆ కథను సగంలో ఆపేసి, పెళ్లి దగ్గర తెర దించి చప్పట్లు కొట్టించడం మీదే నా కోపం. వాళ్లకి ఇద్దరు పిల్లలు. సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో, పిల్లవాడికి నాలుగేళ్లు దాటీదాటకముందే, పిల్లకు మూడేళ్లు నిండీనిండకముందే, తండ్రి వాళ్లను మద్రాసు చేర్చి ఇంగ్లండు ఓడ ఎక్కించాడు. అక్కడ విలియం, కేథరిన్ అయిపోయారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో చచ్చిపోయాడు. తల్లి ఆ పిల్లల్ని మళ్లీ కళ్లజూడలేదు. ఆమెను హైదరాబాదులో ఉండనివ్వలేదు. కొన్నేళ్లు మన బందరులో తలదాచుకుంది. ఆమెకు ఆశపెట్టిన ఇంకో దొర, రెసిడెన్సీలోనే పనిచేసిన హెన్రీ రస్సెల్, అక్కడే వదిలేసి తన దారి చూసుకున్నాడు. 1813లో, ముప్పై ఏళ్లు నిండకుండానే, హైదరాబాదు తిరిగొచ్చి కన్నుమూసింది. కూతురు పెద్దయ్యాక, ఎన్నో ఏళ్లకు, అమ్మమ్మతో ఉత్తరాలు నడిచాయి. ఒకరు ఇంగ్లీషులో, ఒకరు ఫారసీలో. నడుమ తర్జుమా చేసేవాళ్లు.

యూకేజీలో చెల్లెలో తమ్ముడో ఉన్న ఏడో తరగతి పిల్లకు ఇది చెప్పి చూడండి. ఓడ ఎక్కేటప్పుడు వాళ్లు ఏ భాషలో ఏడ్చి ఉంటారని అడుగుతుంది. బోర్ ఫీలవుతారట! ఎవరు బోర్ కొట్టిస్తున్నారో వాళ్లు ఒకసారి అద్దంలో చూసుకోవాలి.

ప్రేమకథ చెప్పే నోళ్లు తుర్రేబాజ్ ఖాన్ దగ్గరికి వచ్చేసరికి మూగబోతాయి. 1857 జులై 17. బుల్ధానా వైపునుంచి తిరుగుబాటు చేసి వచ్చిన చీదాఖాన్ జమాదారునూ, అతని వెంటవున్న సిపాయిలనూ దివాను సాలార్‌జంగ్ పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. వాళ్లను విడిపించడానికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఐదువందలమందిదాకా వెంటేసుకుని వచ్చారు. రెసిడెన్సీకి ఎదురుగా పుత్లీబౌలీ వైపు ఇళ్లలోకి చేరి కాల్పులు మొదలుపెట్టారు. సాలార్‌జంగ్ ముందే కబురు పంపాడు కాబట్టి రెసిడెంటు డేవిడ్‌సన్ ఫిరంగులు సిద్ధం చేసుకున్నాడు. రాత్రంతా కొట్లాట. తెల్లారేసరికి అయిపోయింది. తుర్రేబాజ్ ఖాన్‌కు ద్వీపాంతరవాసం వేశారు, జైలునుంచి తప్పించుకున్నాడు, 1859 జనవరిలో తూప్రాను దగ్గర చంపేశారు. శవాన్ని తెచ్చి ఊళ్లో వేలాడదీశారు. మౌల్వీని అండమాను పంపారు, అక్కడే పోయాడు.

మన పిల్లలు 1857 అంటే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ అని గడగడా చెబుతారు. మంచిదే. కోఠీ అని చెప్పరు. తుర్రేబాజ్ ఖాన్ పేరిట ఒక రోడ్డు ఉంది, బస్టాపు దగ్గర ఒక స్మారకం ఉంది. బస్సు కోసం ఎదురుచూసేవాళ్లలో ఎందరు దానివైపు తలెత్తి చూస్తారో ఒక గంట నిలబడితే తెలుస్తుంది. పక్కన చెప్పులు కుట్టే ఆయన, సెల్‌ఫోను కవర్లు అమ్మే కుర్రాడు, జ్యూసు బండి. వాళ్లనేమీ అనను, వాళ్ల పొట్టకూటి గోల వాళ్లది. బడుల మాటేమిటి? రోడ్డుకు ఆ పక్క కొట్టినవాడి మేడ, ఈ పక్క కొట్లాడినవాడి గుర్తు. రెండింటి నడుమ రోడ్డు దాటించడానికి ఒక టీచరూ, ఇరవై నిమిషాలూ చాలు. ఆ ఇరవై నిమిషాలు ఇవ్వలేని టైంటేబుల్ ఎందుకు, తగలెయ్యనా?

ఇంకో సంగతుంది, దాన్ని తలుచుకుంటే కోపంలోనూ కాస్త ఊరట. 1949లో ఆ దొరల కొంప ఆడపిల్లల కాలేజీ అయింది. పరదాచాటున బతికిన బేగం తోట చుట్టూ, పల్లెలనుంచి వచ్చిన అమ్మాయిలు చున్నీలు సర్దుకుంటూ, డిగ్రీ పుస్తకాలు పట్టుకుని తిరిగారు. దర్బారు హాలు గచ్చుమీద చెప్పుల చప్పుడు. తరగతులు నడిచీ నడిచీ, వానకు నానీ నానీ, ఇల్లు కూలిపోయే స్థితికి వచ్చింది. 2002లో ప్రపంచ స్మారకాల నిధి సంస్థ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చితేగాని మనకు చీమ కుట్టినట్టైనా కాలేదు. మరమ్మతులకు ఏళ్లు పట్టాయి, 2023లో తలుపులు తెరిచారు. ఆ ప్రాంగణం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం, 2024నుంచి దానిపేరు చాకలి ఐలమ్మది. పాలకుర్తిలో తన పొలం, తన పంట కోసం విసునూరు దేశముఖును ఎదిరించిన మనిషి పేరు రెసిడెంటు గేటుకు పెట్టారు. ఎవరి ఆలోచనో గాని వాళ్లకి దండం. కానీ ఈ రెండు పేర్లనూ కలిపి ఒక పిల్లకు ఎవరైనా చెబితే కదా! రైతుల శిస్తుతో కట్టిన ఇంటికి, తన పంట తనదేనన్న మనిషి పేరు. బోర్డు మారింది, ప్రారంభోత్సవమైంది, శాలువాలు కప్పారు, అందరూ భోంచేసి వెళ్లారు.

ఇదంతా ఒక్క హైదరాబాదు గోడే అనుకోవద్దు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. అక్కడికి పిల్లలు వస్తారు, అది నిజం, కాటన్ దొర విగ్రహానికి దండ వేస్తారు. గోదావరి జిల్లాలవాళ్లు ఆ దొరకు వేసే దండను నేను తప్పుపట్టను. ఆయన చేసిన మేలు కంచంలో కనబడుతుంది. కానీ 1847నుంచి 1852 దాకా గోదావరి ఆనకట్టకు రాళ్లు మోసినవాళ్ల మాట, కూలీలను కూడగట్టి కాటన్ వెంట నడిచిన వీణెం వీరన్న మాట ఎంతమంది పిల్లల నోట వింటాం? బందరు కోటలో డచ్చివాళ్ల, ఇంగ్లీషువాళ్ల ఆయుధాగారం గోడలు ఎండకు ఎండి వానకు తడుస్తున్నాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి, బీచికి పోయే పిల్లల బస్సు అక్కడ ఆగదు. కడపలో బ్రౌన్ దొర బంగళా పడిపోయి మొండిగోడలు మిగిలితే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు కాళ్లరిగేలా తిరిగి ఆ స్థలంలో గ్రంథాలయం నిలబెట్టారు. ఒక్క మనిషి పంతం అది. ప్రతి ఊరికీ ఒక శాస్త్రిగారు పుట్టాలని కూర్చుంటే ఎలా?

అమెరికాలో బోస్టన్ పక్కన మెడ్‌ఫోర్డ్ అని ఒక ఊరుంది. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బోలెడంతమంది. అక్కడ ఐజక్ రాయల్ అనే వలసకాలపు ధనికుడి ఇల్లు ఉంది. ఆంటిగ్వా చెరకు తోటలమీద సంపాదించిన డబ్బు. బానిసలను వెంట తెచ్చుకున్నాడు. చాలాకాలం ఆ ఇల్లు కూడా మన ఇళ్లలాగే, కుర్చీలూ పింగాణీ పాత్రలూ చూపించి పంపేది. తర్వాత అక్కడివాళ్లకు సిగ్గనిపించింది. పెరట్లో నిలిచివున్న బానిసల కొట్టాన్నీ మ్యూజియం పేరులోనే చేర్చారు, కథను ఆ కొట్టంనుంచి మొదలుపెట్టారు. బెలిండా అనే ముసలావిడ 1783లో, ఆ ఇంట్లో తాను చేసిన చాకిరీకి తనకు రావలసింది ఇప్పించమని మసాచుసెట్స్ శాసనసభకు అర్జీ పెట్టుకుంది. ఏడాదికి పదిహేను పౌండ్ల పన్నెండు షిల్లింగులు మంజూరు చేశారు, సరిగా ఇవ్వక మళ్లీ మళ్లీ అడిగించుకున్నారు. బడిపిల్లలు ఆ ఇంట్లో నిలబడి ఆ అర్జీ గురించి వింటారు. ఆ రాయల్ కుటుంబపు చిహ్నాన్ని హార్వర్డ్ న్యాయ కళాశాల తన ముద్రలోంచి 2016లో తీసేసింది, విద్యార్థులు పట్టుబట్టాకే. అమెరికావాళ్లు మహా పుణ్యాత్ములని చెప్పడం లేదు, వాళ్ల సంగతులు వాళ్లకున్నాయి. అడిగేవాళ్లుంటే ఇల్లు నోరు విప్పుతుందని చెబుతున్నాను.

మన దగ్గర అడిగితే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చేశాయి. సిలబస్ పూర్తికాలేదు. ఎవడి సిలబస్? కార్పొరేటు బడుల్లో సోషల్ పీరియడంటే లెక్కల సారు, ఫిజిక్సు సారు అడిగి తీసుకునే పీరియడ్. ఆరో తరగతినుంచే ఐఐటీ ఫౌండేషన్. సోషల్ టీచరు స్టాఫు రూములో వేరేవాళ్ల పేపర్లు దిద్దుతుంటాడు. అలాంటాయనను పిల్లలకు రెసిడెన్సీ గురించి చెప్పలేదని తిట్టడానికి నాకు నోరు రాదు. డబ్బు లేదు. నీళ్లపార్కుకు కట్టించే ఫీజులో పదోవంతు కూడా కాదు కోఠీ ప్రయాణం. భద్రత. రంగులరాట్నం మీద ఉన్న భద్రత మ్యూజియంలో లేకుండా పోయిందా? ప్రభుత్వ బడుల కాగితాల్లో ‘ఎక్స్‌పోజర్ విజిట్’ అనే మాట ఉంది. వెళ్లారా, చూశారా, ఏం తెలుసుకున్నారు అన్న గడులు తక్కువ. ఎంతమంది, ఎంత ఖర్చు, ఫొటో జతచేశారా అన్న గడులు ఎక్కువ. ఫొటో ఉంటే చాలు, పని అయినట్టే.

నా కోపం బడులమీద మాత్రమే కాదు. నాలాంటి తల్లిదండ్రులం ఫీజు ఆలస్యమైతే ఫోను చేస్తారని భయపడతాం, మార్కులు తగ్గితే స్కూలుకు పరిగెత్తుతాం, టూరు ఎక్కడికో అడగం. చరిత్ర అంటే పాత కట్టడం, పాత కట్టడం అంటే ఫొటో, ఫొటో అంటే స్టేటస్. మన పిల్లవాడు రేపు లండన్‌లో ఉద్యోగానికి పోయి అక్కడ ఏ దొర పాత ఇంటికో టికెట్ కొని తిరుగుతూ, మా ఊళ్లోనూ ఇలాంటిదేదో ఉండేది కదా అని గూగుల్‌లో వెతుక్కుంటాడు. అప్పుడు వాడికి కనిపించేదీ ప్రేమకథే.

వినేవాళ్లుంటే నేనడిగేది ఇంతే. ఆ ఇంటి గురించి నాలుగు పేజీల పుస్తకం, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి, పదేళ్లవాడు చదివేలా రాయించండి. ఆ నాలుగు పేజీల్లో స్తంభాల శైలి ఒక్క వాక్యం చాలు. ఖర్చు ఎవరిది, సంతకం ఎవరిది, పిల్లలు ఎక్కిన ఓడ, ఎదురింటినుంచి పేలిన తుపాకీ, వీటికి మిగతా చోటు ఇవ్వండి. రాసేవాళ్లు ఎక్కడున్నారని వెతకనక్కర్లేదు, ఆ ఆవరణలోనే చరిత్ర చదువుకుంటున్న అమ్మాయిలున్నారు. వాళ్లకి నెలనెలా ఎంతో కొంత ఇచ్చి, వారానికి రెండు పూటలు పిల్లలకు ఇల్లు చూపించమనండి. ఉచితసేవ అని సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపకండి, డబ్బివ్వండి. మెట్లమీద ఫొటో తియ్యడం బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకోమనండి. ఇంకోటి, వర్క్‌షీటులో ఖాళీలు తీసేసి, తిరిగొచ్చేలోపు ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ ఒక్క ప్రశ్న రాసుకు రావాలనండి. దానికి జవాబు వెతకడం సోషల్ సారు పని. ఆయనకు ఆ పీరియడ్ లెక్కల సారు దగ్గరనుంచి వెనక్కి ఇప్పించే పని హెడ్‌మాస్టరుది.